మొలకకు ఎంత వెలుగు కావాలి?

సంచికకు ఏదైనా రాసివ్వమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు ముందు నక్షత్రాల మీద రాద్దామనుకున్నాను. భౌతికశాస్త్రం చదివేవాడి దగ్గర నుంచి అందరూ ఆశించేది అదే గదా! కాని పోయిన ఏడాది నాకు గట్టిగా పాఠం చెప్పినవి లాలాపేట్‌లో నా అద్దె గదిలో చచ్చిపోయిన ఇరవై ఆరు మిరప మొలకలు. అందుచేత వాటి గురించే రాస్తున్నాను. గదిలో నారు పోసుకోవాలనుకునే హాస్టలు మిత్రులకూ, ఫ్లాట్లలో ఉండే లెక్చరర్లకూ, పూర్వ విద్యార్థులకూ ఇందులో నాలుగు ముక్కలు పనికి రావచ్చు.

అమ్మ ఇచ్చిన పొట్లం

మాది వరంగల్ జిల్లా. అక్కడి చపాటా మిరప గురించి మీలో కొందరు వినే ఉంటారు. కాయ పొట్టిగా, లావుగా ఉంటుంది. టమాటా మిర్చి అని కూడా అంటారు. కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. పచ్చళ్లకు రంగు రావాలంటే దాని తర్వాతే ఏదైనా. 2025లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే గుర్తింపు వచ్చేనాటికి మా ఇంట్లో ఆ పంట లేదు. నాన్నకు మోకాళ్లు సహకరించక పొలం కౌలుకిచ్చాం. కౌలుదారు ఏటా కొట్లో కొన్న హైబ్రిడ్ విత్తనం వేస్తాడు. మా గింజ అమ్మ దగ్గర ఒక కాగితం పొట్లంలో, బూడిద కలిపి, మిగిలిపోయింది. లెక్కపెడితే సరిగ్గా అరవై గింజలు.

"రెండేండ్ల కిందటి గింజ బిడ్డా. ఈ ఏడు మొలిస్తే మొలిచినట్టు, లేకుంటే మన రకం పోయినట్టే" అంది అమ్మ. మిరప గింజను మామూలుగా దాస్తే రెండు మూడేళ్లకే మొలకశక్తి తగ్గిపోతుంది. ఆమె మాట నిజం. ఊళ్లో నారుమడి చూసుకునే ఓపిక వాళ్లకు లేదు. నేను పోస్తానని పొట్లం తీసుకుని సిటీకి వచ్చేశాను.

మేడ మీద పెడదామంటే మన క్యాంపస్ చుట్టుపక్కల కోతుల సంగతి మీకు తెలిసిందే. మొక్కను పీకి, చూసి, పక్కన పారేసి పోతాయి. అందుకని గదిలోనే, కిటికీ పక్కనున్న బల్ల మీద మొదలుపెట్టాను. విజయ డెయిరీ పాల కవర్లకు అడుగున చిల్లులు పొడిచి, కొబ్బరి పొట్టూ వర్మికంపోస్టూ కలిపి నింపి, జూన్ మొదటి వారంలో ముప్ఫై గింజలు పెట్టాను. సగం దాచుకున్నాను. ఆ ఏడాది నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

పదో రోజుకు ఇరవై ఆరు మొలిచాయి. ఇంకో వారానికి మూడేసి అంగుళాలు పెరిగాయి. నా సంబరం చెప్పనలవి కాదు. ఫోటో తీసి అమ్మకు పంపితే "గంత సన్నగ లేసినయేంది?" అని ఒక్క మాట అంది. నేను పట్టించుకోలేదు. కాడలు దారాల్లా ఉన్నాయి, రంగు వెలిసిపోయింది, అన్నీ కిటికీ వైపు మెడలు చాచాయి. మూడో వారంలో ఒక్కొక్కటే నడుం విరిగి పడిపోయాయి. జూలై మొదటికి బల్ల మీద పాల కవర్లు తప్ప ఏమీ మిగలలేదు.

దక్షిణపు కిటికీ చేసిన మోసం

నా గది కిటికీ దక్షిణం వైపు ఉంది. జనవరిలో ఆ గదిలో దిగినప్పుడు మధ్యాహ్నం ఎండ గది మధ్య దాకా వచ్చేది. "వెలుతురు బాగుంది" అనే అద్దె ఒప్పుకున్నాను. ఆ ఎండే నా మొక్కలకు చాలుతుందనుకున్నాను. ఇక్కడే నా భౌతికశాస్త్రం నన్ను చూసి నవ్వింది.

హైదరాబాదు అక్షాంశం సుమారు పదిహేడున్నర డిగ్రీలు. డిసెంబరు చివర సూర్యుడు దక్షిణానికి బాగా జరిగి ఉంటాడు. మధ్యాహ్నం పన్నెండింటికి కూడా క్షితిజం నుంచి 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. కాబట్టి కిరణాలు ఏటవాలుగా దక్షిణపు కిటికీలోంచి లోపలికి దూరుతాయి. ఇక మే 9 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. నీడ మాయమయ్యే రోజు అని పత్రికల్లో రాస్తారే, అదే. మళ్లీ అలాంటి రోజు ఆగస్టు 3 ప్రాంతంలో వస్తుంది. ఈ రెండు తేదీల మధ్య సూర్యుడు పొద్దున మొదలు సాయంత్రం దాకా మనకు ఉత్తరం వైపే ఉంటాడు. అంటే ఆ మూడు నెలలూ దక్షిణపు గోడ మీద ఒక్క ఎండ కిరణం కూడా పడదు. వానాకాలపు మిరప నారు పోసేది సరిగ్గా ఆ రోజుల్లోనే! దానికి తోడు ఆకాశమంతా మబ్బు.

కాబట్టి మొదటి పాఠం ఇది. దీపం కొనే ముందు మీ కిటికీ ఏ దిక్కున ఉందో, మీరు నారు పోసే నెలలో సూర్యుడు ఏ దిక్కున ఉంటాడో చూసుకోండి. తూర్పు కిటికీలో పొద్దున నాలుగు గంటల ఎండ వస్తుంటే మీకు దీపమే అక్కర్లేదు, డబ్బు మిగిలినట్టే.

కన్ను సాక్ష్యానికి పనికిరాదు

"గదిలో వెలుతురు బానే ఉంది గదా, పుస్తకం చదువుకోగలుగుతున్నాను" అని నాలాగే మీరూ అనవచ్చు. మన కన్ను చాలా సర్దుకుపోయే గుణం గలది. వెలుగు తగ్గితే కంటిపాప పెద్దదవుతుంది, లోపలి పొర సున్నితత్వం పెంచుకుంటుంది. అందుకని వంద రెట్ల తేడాను కూడా కొద్దిపాటి తేడాగానే చూపిస్తుంది. మొక్కకు అలాంటి సర్దుబాటు లేదు.

వెలుగును కొలిచే ప్రమాణం లక్సు. ఒక చదరపు మీటరు మీద ఒక ల్యూమెన్ పడితే ఒక లక్సు. ఈ రోజుల్లో ఫోనులోనే లక్సు చూపించే యాప్‌లు దొరుకుతాయి. లెక్క పక్కాగా ఉండదు గాని, తేడా తెలుసుకోవడానికి చాలు. జూలైలో ఒక మబ్బు మధ్యాహ్నం నేను కొలిస్తే మేడ మీద 30 వేలు, కిటికీ గట్టు మీద 1,800, రెండడుగులు లోపలున్న బల్ల మీద 400. రాత్రి గోడ ట్యూబ్‌లైట్ కింద అదే బల్ల మీద 110. నడివేసవి మధ్యాహ్నం ఆరుబయట లక్ష లక్సుల దాకా ఉంటుంది. లక్ష ఎక్కడ, నాలుగు వందలెక్కడ! నా మొలకలు ఆకలితో చచ్చాయన్న మాట.

మరి ఆకలిగా ఉన్న మొక్క పొడుగెందుకు పెరుగుతుంది? మొలకకు తన మీద మట్టి ఉందా, పక్క మొక్క నీడ ఉందా, గది గోడ ఉందా అన్నది తెలియదు. దానికి తెలిసింది ఒకటే: వెలుగు లేదు, పైకి పోతే దొరకవచ్చు. గింజలో ఉన్న కొద్ది నిల్వనూ కాడను సాగదీయడానికే ఖర్చు పెడుతుంది. వేరూ ఆకూ తర్వాత చూసుకుందామనుకుంటుంది. వెలుగు ఒక పక్క నుంచే వస్తే, నీడ పక్కన ఆక్సిన్ అనే హార్మోను ఎక్కువై ఆ వైపు కణాలు సాగుతాయి, కాడ వెలుగు వైపు వంగుతుంది. చార్లెస్ డార్విన్ తన కుమారుడు ఫ్రాన్సిస్‌తో కలిసి గడ్డి మొలకల కొనలకు చిన్న టోపీలు తొడిగి పరీక్షించి, వెలుగును పసిగట్టేది కొనే అని 1880లో ప్రచురించాడు. ఆక్సిన్ సంగతి తేలింది ఆ తరువాత చాలా ఏళ్లకు.

క్యాంపస్‌లోనే ఉన్న జవాబు

వృక్షశాస్త్రం చదువుతున్న మిత్రుడొకడికి నా గోడు చెప్పుకుంటే నవ్వి, టిష్యూకల్చర్ గది చూపించాడు. ఇనుప అరలు, ప్రతి అర మీద ట్యూబ్‌లైట్లు, వాటి కింద వరసగా సీసాలు, సీసాల్లో పచ్చని బుల్లి మొక్కలు. పదహారు గంటలు వెలుగు, ఎనిమిది గంటలు చీకటి. ప్రత్యేకమైన దీపాలేమీ లేవు. మన ఇళ్లలో ఉండే తెల్లని ట్యూబులే.

"అయితే నేనూ ఒక ట్యూబు కడతా" అన్నాను.

"ఆగు. ఈ సీసాల్లో రెండు మూడు వేల లక్సులు చాలు. ఎందుకో తెలుసా? వీటికి అడుగున చక్కెర పెడతాం. హాస్టలు మెస్సులో తినేవాళ్లు ఇవి. నీ మిరప మొక్క తన వంట తనే చేసుకోవాలి. దానికి పొయ్యి పెద్దది కావాలి" అన్నాడు. ఇంతకంటే బాగా ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు.

ఏ దీపం?

అప్పటి నుంచి వారం రోజులు ఇదే పని. తేలిన సంగతులు వరసగా చెబుతాను.

పాతకాలపు ఫిలమెంటు బల్బు పనికిరాదు. తీసుకున్న కరెంటులో వెలుగుగా మారేది నూటికి ఐదు పాళ్లు, మిగతాదంతా వేడి. దగ్గర పెడితే ఆకు మాడుతుంది, దూరం పెడితే వెలుగు చాలదు. పైగా దాని వెలుగులో నీలం తక్కువ, దూర ఎరుపు ఎక్కువ. దూర ఎరుపు ఎక్కువగా తగిలితే మొక్క తాను మరో చెట్టు నీడలో ఉన్నాననుకుని ఇంకా సాగుతుంది.

చోకూ స్టార్టరూ ఉన్న పాత ట్యూబ్‌లైట్ పనికొస్తుంది. ఇంట్లో ఉంటే పారెయ్యకండి. అయితే అది వెలుగును చుట్టూ చల్లుతుంది. పైన తెల్లని రేకు గాని అట్ట గాని కట్టి కిందికి తిప్పాలి. కొనలు నల్లబడ్డ ట్యూబు మాత్రం వద్దు.

తెల్లని ఎల్‌ఇడి పట్టీ, అంటే షాపుల్లో బ్యాటెన్ అనేది, అన్నిటికంటే మేలు. నీలి ఎల్‌ఇడిని కనిపెట్టినందుకు అకసాకి, అమానో, నకమురా గార్లకు 2014లో నోబెల్ బహుమతి వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఈ తెల్లని దీపం లోపల ఉన్నది ఆ నీలి చిప్పే. దాని మీద పూసిన పొడి కొంత నీలాన్ని పసుపు, ఎరుపులుగా మారుస్తుంది. కాబట్టి మొక్కకు కావలసిన నీలమూ ఎరుపూ రెండూ ఇందులో ఉంటాయి. డబ్బా మీద 6500 అని ఉన్న చల్లని తెలుపులో నీలం పాలు ఎక్కువ. నీలం కాడను పొట్టిగా, గట్టిగా ఉంచుతుంది. నారు దశకు మనకు కావలసింది అదే గదా.

ఇక ఊదా రంగులో వెలిగే ప్రత్యేక దీపాలు. పత్రహరితం నీలాన్నీ ఎరుపునూ బాగా పీలుస్తుంది కాబట్టి ఆ రెండే చాలని వీటి వెనుక ఆలోచన. తప్పేమీ కాదు, ఇవీ పని చేస్తాయి. కాని ఆకు ఆకుపచ్చ వెలుగును పూర్తిగా తిప్పికొడుతుందనుకోవడం పొరపాటు. మెక్రీ అనే శాస్త్రజ్ఞుడు 22 పంట మొక్కల మీద పరీక్షించి 1972లో ప్రచురించిన ఫలితాల్లో, ఆకుపచ్చ వెలుగు కూడా కిరణజన్య సంయోగక్రియకు చక్కగా ఉపయోగపడుతుందని తేలింది. ఊదా వెలుగులో మరో చిక్కుంది. ఆకు పసుపు తిరిగిందా, మచ్చ పడిందా అన్నది కంటికి తెలియదు. పైగా కొన్ని చవక దీపాల మీద వెయ్యి వాట్లని రాసి ఉంటుంది, తీరా తీసుకునేది వందలోపే. అసలు ఎన్ని వాట్ల కరెంటు తీసుకుంటుంది, ఎన్ని ల్యూమెన్‌లు ఇస్తుంది అన్న రెండు అంకెలు డబ్బా మీద లేకపోతే ఆ దీపం కొనకండి.

చిన్న లెక్క

ల్యూమెన్, లక్సు మన కంటి కోసం చేసిన కొలతలు. మన కన్ను ఆకుపచ్చకు దగ్గరున్న 555 నానోమీటర్ల వెలుగును ఎక్కువగా పట్టుకుంటుంది కాబట్టి ఆ లెక్క దాని వైపే మొగ్గుతుంది. మొక్కల శాస్త్రజ్ఞులు 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఎన్ని కాంతికణాలు పడ్డాయో లెక్కపెడతారు. చదరపు మీటరుకు సెకనుకు ఇన్ని మైక్రోమోల్‌లు అని చెబుతారు. మండుటెండలో ఇది సుమారు 2,000. మిరప, టమాటా, వంకాయ నారుకు 150 నుంచి 250 ఉంటే, రోజుకు పదహారు గంటలు ఇస్తే, ముచ్చటగా పెరుగుతుంది. తెల్లని ఎల్‌ఇడి విషయంలో సుమారు 70 లక్సులు ఒక మైక్రోమోల్ అనుకోవచ్చు. అంటే మనకు కావలసింది కనీసం పదివేల లక్సులు.

నా అర నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు. అది 0.37 చదరపు మీటరు. 20 వాట్ల పట్టీ ఒకటి 2,000 ల్యూమెన్‌లు ఇస్తుంది. మూడు పట్టీలు పెడితే 6,000. అందులో మూడో వంతు పక్కలకు పోయినా 4,000 మిగులుతుంది. దాన్ని 0.37తో భాగిస్తే దాదాపు 10,800 లక్సులు, అంటే 150 మైక్రోమోల్‌ల పైచిలుకు. లెక్క సరిపోయింది. కొత్తిమీర, పాలకూర లాంటి ఆకుకూరల మొలకలకైతే రెండు పట్టీలు చాలు.

కరెంటు ఖర్చు? మూడు పట్టీలు 60 వాట్లు. పదహారు గంటలకు 960 వాట్ గంటలు, అంటే రోజుకు ఒక యూనిట్‌కు కాస్త తక్కువ. నెలకు 29 యూనిట్లు. మీ బిల్లులో ఉన్న రేటుతో గుణించుకుని, గింజ విలువతో పోల్చి చూసుకోండి. పట్టీలు ట్రూప్ బజార్‌లో తెచ్చాను. మూడూ కలిపి ఏడు వందల లోపే అయ్యాయి.

ఎంత ఎత్తు, ఎన్ని గంటలు

దీపం ఎంత మంచిదన్న దానికంటే ఎంత దగ్గరగా ఉందన్నదే ముఖ్యం. గోడ ట్యూబు కింద 110 లక్సులు, అలాంటి ట్యూబులే మూడు అరచేయంత దూరంలో ఉంటే పదివేలు! ఆకుల కొనలకు నాలుగు నుంచి ఆరు అంగుళాల పైన దీపం ఉండాలి. మొక్క పెరిగే కొద్దీ పైకి జరపాలి. అందుకని పట్టీలను మేకులకు బిగించకుండా తాళ్లతో వేలాడదీశాను. అర మూడు పక్కలా తెల్ల చార్టు కాగితాలు అంటించాను. తప్పించుకుపోయే వెలుగును అవి తిరిగి మొక్కల మీదికి తోస్తాయి.

మిరప గింజ మొలవడానికి వెలుగు అక్కర్లేదు, వెచ్చదనం కావాలి. కాని మొదటి మొలక మట్టిలోంచి తల ఎత్తిన రోజునే దీపం వెలగాలి. రెండు రోజులు ఆలస్యమైతే కాడ సాగిపోతుంది, సాగిన కాడ మళ్లీ పొట్టిది కాదు. 14 నుంచి 16 గంటలు వెలిగించి, రాత్రి ఆర్పెయ్యండి. ఇరవై నాలుగు గంటలూ వెలిగిస్తే ఇంకా త్వరగా పెరుగుతుంది గదా అనుకోకండి. టమాటాకు రాత్రి లేకుండా చేస్తే ఆకులు పసుపు తిరిగి పాడవుతాయి. గోధుమ లాంటి పంటల్లో త్వరగా తరాలు మార్చడానికి శాస్త్రజ్ఞులు 22 గంటల వెలుగు వాడుతున్నారు. కాని అది పరిశోధన కోసం చేసే పని, మన నారుకు కాదు.

నీళ్లూ కరెంటూ ఒక్కచోట ఉన్నాయని మరవకండి. ప్లగ్గు మొక్కల కంటే ఎత్తులో ఉండాలి. తీగ మధ్యలో కొంచెం కిందికి వేలాడి మళ్లీ ప్లగ్గు వైపు పైకి పోవాలి, అప్పుడు తీగ వెంట జారిన నీటి చుక్క ప్లగ్గులోకి పోకుండా కింద పడుతుంది. నీళ్లు పోసేటప్పుడు స్విచ్ ఆపండి. తడి ఎక్కువైతే నారుకుళ్లు వస్తుంది, కాడ మట్టి దగ్గర మెత్తబడి పడిపోతుంది. పైమట్టి ఆరాకే నీళ్లు పోయాలి. ఫ్యాను నెమ్మదిగా తిరగనిస్తే కుళ్లూ తగ్గుతుంది, గాలికి ఊగి కాడ కూడా గట్టిపడుతుంది.

మళ్లీ సూర్యుడి దగ్గరికి

జూలై మధ్యలో మిగిలిన ముప్ఫై గింజలూ పెట్టాను. ఇరవై మూడు మొలిచాయి. నీళ్లు ఎక్కువ పోసి రెండింటిని కుళ్లబెట్టాను, అది నా తప్పే. మిగతావి నెల రోజులకు జానెడు ఎత్తు కూడా లేవు. కాని కాడలు అగ్గిపుల్లంత లావు, ఆకులు ముదురు పచ్చ.

ఆగస్టులో అమ్మ సిటీకి వచ్చింది. గదిలో అడుగు పెట్టి, వెలిగిపోతున్న అరను చూసి, "సూర్యుడుండంగ గీ కరెంటేంది బిడ్డా?" అంది. అమెరికాలో ఉన్న మన సీనియర్ ఒకాయన సంగతి చెప్పాను. ఆయన మార్చిలో బయట మంచు ఉండగానే ఇంటి కింది గదిలో ట్యూబుల కింద వంకాయ, మిరప నారు పోసి, మంచు భయం పోయాక మే నెలలో పెరట్లో నాటుతాడు. "వాళ్లకు చలి అడ్డం, నాకు గోడ అడ్డం" అన్నాను. అమ్మ ఒక మొక్క కాడను వేళ్ల మధ్య పట్టి చూసి, "గట్టిగనే ఉంది" అంది. నా ఇన్నేళ్ల చదువులో అంత మంచి మార్కు నాకెప్పుడూ రాలేదు.

అయితే దీపం కింద పెరిగిన మొక్కను ఒక్కసారిగా ఎండలో పెట్టకూడదు. పదివేల లక్సులకు అలవాటు పడ్డ ఆకు లక్షను తట్టుకోలేదు, తెల్లగా మాడిపోతుంది. మొదటి రోజు పొద్దుటి ఎండ గంటసేపు, తర్వాత రోజుకో గంట పెంచుకుంటూ పది రోజులు అలవాటు చేయాలి. ఆ పది రోజులూ నేను పుస్తకం పట్టుకుని మేడ మీద కోతులకు కాపలా కూర్చున్నాను. ఇరవై ఒకటిలో రెండు మొక్కలు అప్పటికీ వాటి పాలే అయ్యాయి.

పందొమ్మిది మొక్కలు అట్టపెట్టెలో అమ్మతో పాటు బస్సెక్కి ఊరికి పోయి, పెరట్లో నాటుకున్నాయి. ఫిబ్రవరిలో కాయలు పండాయి. మంచి కాయలు ఏరి, ఎండబెట్టి, గింజ తీశాం. ఈసారి పొట్లాలు మూడు. ఒకటి అమ్మ దగ్గర, ఒకటి నా దగ్గర, ఒకటి టిష్యూకల్చర్ గది మిత్రుడి దగ్గర. మూడింటి మీదా ఏడాది రాసి పెట్టాం. మీలో ఎవరికైనా నారు పోసే ఓపిక ఉంటే జూన్‌లోపు నన్ను అడగండి, పది గింజలు ఇస్తాను. కాకపోతే ముందు మీ కిటికీ ఏ దిక్కున ఉందో చెప్పాలి.